నికొలాయి వవీలోవు: గోధుమ బీజముల సంరక్షకుడు

రాజ్యములను జయించిన వీరుల చరిత్రలు లోకమున విస్తారముగా గలవు. ఆకలిని జయింపబూనిన మహాశయుల చరిత్రలు కొలదిగా మాత్రమే కనబడుచున్నవి. అట్టి మహాశయులలో అగ్రగణ్యుడు రుష్యాదేశీయుడగు నికొలాయి ఇవానోవిచ్ వవీలోవు. మా విద్యార్థులును వారి తలిదండ్రులును ఆయన జీవితమును ఎరుంగుట మేలని తలంచి, దానిని ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

వవీలోవు 1887వ సంవత్సరము నవంబరు 25వ తేదీన మాస్కో నగరమున జన్మించెను. తండ్రి కర్షక కుటుంబమున పుట్టి, చిన్ననాడే పట్టణము చేరి, బట్టల వర్తకమువలన ధనవంతుడైనవాడు. కుమారుడును వర్తకుడు కావలెనని ఆయన కోరి, బాలుని వాణిజ్య పాఠశాలకు పంపెను. కాని బాలుని మనస్సు మొక్కలపైననే నిలిచియుండెను. అతడు నాలుగేండ్లవాడై యున్నపుడు రుష్యాదేశమున ఘోరమైన క్షామము సంభవించెను. పెద్దవాడైన పిదప అతడు మాస్కోలోని వ్యవసాయ విద్యాలయమున చేరి, పైరులను కాపాడుటయే తన జీవితకార్యముగా స్వీకరించెను. ఆయన తమ్ముడు సెర్గే భౌతికశాస్త్రమున పేరుపొందినవాడు.

మన ప్రాంతమున వరియే ప్రధానాహారము. కాని లోకమున కోట్లకొలది జనులు గోధుమ రొట్టెతోనే జీవించుచున్నారు. గోధుమ పైరునకు మహాశత్రువు కుంకుమ తెగులు. కంటికి కానరాని బూజుజాతి జీవి యొకటి ఆకులను, కాండమును ఆశ్రయించి, మొక్కలోని సారమును పీల్చి, ఎఱ్ఱని పొడిని వెదజల్లును. ఆ పొడిలోని ప్రతి రేణువును ఒక విత్తనము వంటిది. గాలి ఆ రేణువులను వందలకొలది మైళ్ల దూరము కొనిపోవును. పచ్చగా కళకళలాడు చేను కొలది వారములలో వాడిపోయి, గింజలు తాలుగా మారును. పూర్వము రోమనులు ఈ తెగులునకు భయపడి, దానికొక దేవతను కల్పించి, యేటేట ఉత్సవము సలుపుచుండిరి. బైబిలు గ్రంథమునందును పైరుల తెవుళ్ల ప్రస్తావన పలుమారులు వచ్చుచున్నది.

కొన్ని గోధుమలు ఈ తెగులునకు లొంగవని రైతులు ఎరుంగుదురు. కాని ఆ గుణము తల్లి మొక్కనుండి పిల్ల మొక్కకు ఏ నియమము చొప్పున వచ్చునో చిరకాలము ఎవ్వరికిని తెలియకుండెను. 1905వ సంవత్సరమున కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున రోలండ్ బిఫెన్ అను పండితుడు తెగులునకు లొంగు గోధుమను లొంగని గోధుమతో సంకరము చేసెను. మొదటి తరపు మొక్కలన్నిటికిని పసుపు కుంకుమ తెగులు సోకెను. రెండవ తరమున ఇంచుమించు నాలుగవ వంతు మొక్కలు తెగులు లేక నిలిచినవి. మెండెలు అను క్రైస్తవ సన్యాసి బఠాణి మొక్కలయందు కనుగొనిన అనువంశిక నియమమే ఇచ్చటను వర్తించినది. రోగమును ఎదిరించు శక్తి జన్యువుల ద్వారా సంతతికి సంక్రమించునని దీనివలన తేటపడెను.

1913వ సంవత్సరమున వవీలోవు ఇంగ్లండునకు పోయి, బిఫెన్ యొద్దను విలియం బేట్‌సన్ యొద్దను విద్య నభ్యసించెను. స్వదేశమునకు మరలిన పిదప నానావిధములగు గోధుమలను ప్రక్కప్రక్కన విత్తి, ఏది ఏ తెగులునకు లొంగునో ఓర్పుతో పరీక్షించెను. పారశీక గోధుమ అనబడు రకము బూడిద తెగులునకు బొత్తిగా లొంగకుండుట చూచి, దానిని సామాన్య గోధుమతో సంకరము చేసెను. ఈ పరిశోధనల ఫలితములను 1919వ సంవత్సరమున మొక్కల రోగనిరోధక శక్తిని గూర్చిన గ్రంథముగా ప్రకటించెను. అప్పటికాయన సరాటోవు నగరమున ఆచార్యుడు.

ఆయన గమనించిన ముఖ్యవిషయ మొకటి గలదు. గోధుమలు మూడు తరగతులవి. ఒంటిగింజ గోధుమకు క్రోమోసోములు 14; జంటగింజ గోధుమకు 28; మనము రొట్టెకు వాడు గోధుమకు 42. తక్కువ క్రోమోసోములు గల మొదటి రెండు తరగతులలోనే కుంకుమ తెగులును ఎదిరించు శక్తి మిక్కుటముగా కనబడెను. రొట్టె గోధుమ పుట్టి కొలది వేలయేండ్లు మాత్రమే యైనది. దాని పూర్వులైన అడవి గడ్డులు అంతకు ఎంతయో ముందునుండి తెగుళ్లతో పోరాడుచు వచ్చినవి. ఆ పోరాటములో బ్రదికినవాటియందు నానావిధములగు నిరోధక జన్యువులు నిలిచినవి. మన దక్కను ప్రాంతములలో పండు ఖప్లీ గోధుమయు జంటగింజ తరగతిలోనిదే. కాండమునకు వచ్చు కుంకుమ తెగులు రకములను గుర్తించుటకు అమెరికా పండితులు ఆ గోధుమను చిరకాలము వాడిరి.

కావున తెగులునకు మందు, పైరు పుట్టిన తావులందే వెదకవలెనని వవీలోవు నిశ్చయించెను. 1924వ సంవత్సరమున ఆఫ్ఘనిస్థానమునందు గుఱ్ఱములపై దుర్గమములగు కనుమలను దాటెను. 1906లో ఆరన్‌సన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు గలిలయలోని రోష్ పిన్నా యొద్ద రాళ్ల సందులలో అడవి జంటగింజ గోధుమను కనుగొనియుండెను. ఆ గోధుమను వెదకుచు వవీలోవు 1926లో సిరియా, పాలస్తీనాలలో మలేరియా జ్వరముతోనే సంచరించెను. మరుసటి యేట అబిసీనియాకు పోయెను. పిమ్మట చైనా, జపాను, మెక్సికో, దక్షిణ అమెరికాలను దర్శించెను. ఆయన సహచరుడగు జుకోవ్‌స్కీ జార్జియా పడమటి భాగమున కనుగొనిన తిమొఫెయెవు గోధుమ పెక్కు తెగుళ్లకు లొంగనిదై అందరిని ఆశ్చర్యపరచెను. లెనిన్‌గ్రాడ్ నగరమున వవీలోవు నడిపిన పరిశోధనాలయమున 1940 నాటికి రమారమి 2,50,000 బీజ నమూనాలు చేరినవి.

ఇంతలో విపత్తు వచ్చెను. లిసెంకో అను వ్యవసాయోద్యోగి జన్యువులు లేనేలేవనియు, పరిసరములను మార్చి పైరుల గుణములను త్వరలో మార్చవచ్చుననియు ప్రచారము చేసెను. మంచి వంగడమును తీయుటకు ఏండ్లు పట్టునని వవీలోవు చెప్పగా, శీఘ్రఫలమును కోరిన అధికారులకు లిసెంకో మాటలే రుచించెను. స్టాలిను అతనిని ఆదరించెను. వవీలోవు తనకు సత్యమని తోచినదానిని విడువలేదు. 1940వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీన ఉక్రెయిన్ పడమటి భాగమున మొక్కలను సేకరించుచుండగా ఆయనను నిర్బంధించిరి. ఆనాడు ఆయన సంచిలో మిగిలిన మొక్కలలో ఒక పురాతన జాతి గోధుమ యుండెనని సహచరులు తెలిపిరి.

1941వ సంవత్సరము జూలైలో ఆయనకు మరణశిక్ష విధించిరి. తరువాత దానిని ఇరువదియేండ్ల కారాగారముగా మార్చిరి. తాను ఆచార్యుడుగా బోధించిన సరాటోవు నగరపు చెరసాలలోనే ఆయన కడపటి దినములు గడచినవి. భార్యయు కుమారుడును ఆ నగరముననే నివసించుచుండియు, ఆయన అచ్చట బందీగా నున్నట్లు ఎరుంగరైరి. లోకమునకు రొట్టె సమకూర్చుటకై పాటుపడినవాడు 1943వ సంవత్సరము జనవరి 26వ తేదీన ఆకలిచే కృశించి చెరయందు మరణించెను. 1955లో ప్రభుత్వము ఆయన నిర్దోషియని ఒప్పుకొనెను.

ఆ కాలమందే జర్మను సేనలు లెనిన్‌గ్రాడ్ నగరమును ముట్టడించియుండెను. 1941 సెప్టెంబరు మొదలు 1944 జనవరి వరకు నగరవాసులు లక్షలకొలదిగా ఆకలిచే మరణించిరి. పరిశోధనాలయమునందు గోధుమ, వరి, వేరుశనగ గింజలు బస్తాలకొలది యుండెను. వాటిని కాపాడువారు ఒక్క గింజయైనను నోట వేసికొనలేదు. వరి విభాగమును చూచుకొను దిమిత్రి ఇవానోవు వరి మూటల నడుమ ఆకలిచే చనిపోయెను. వేరుశనగల భారము వహించిన అలెగ్జాండరు ష్చూకిను తన బల్లయొద్దనే ప్రాణము విడిచెను. ఆ గింజలు తమవి కావనియు, రాబోవు తరములవనియు వారు నమ్మిరి. తల్లులు బిడ్డలకు అన్నము కలిపిపెట్టునపుడు వీరి కథ చెప్పినచో, పళ్లెములో మెతుకు విడుచుటకు ఏ బాలునకును మనసొప్పదని మా నమ్మకము.

ఆ త్యాగము వృథా కాలేదు. 1998లో ఉగాండాలో కాండపు కుంకుమ తెగులు క్రొత్త రకము బయలుదేరి, రై ధాన్యమునుండి గోధుమకు తెచ్చిన ప్రసిద్ధమగు నిరోధక జన్యువును ఓడించెను. అపుడు పండితులు మరల అడవి బంధువులనే ఆశ్రయించిరి. 2013వ సంవత్సరమున ఒంటిగింజ గోధుమనుండి ఒక జన్యువును, రొట్టె గోధుమకు పూర్వజమగు అడవి గడ్డినుండి మఱొక జన్యువును వేరుపరచిరి; రెండును ఆ క్రొత్త తెగులును ఎదిరింపగలవే. 2018లో అడవి జంటగింజ గోధుమలోని పసుపు కుంకుమ నిరోధక జన్యువును గుర్తించిరి. ఇట్టి జన్యువులలో పెక్కు కావలివాని వలె పనిచేయును. తెగులు లోన ప్రవేశింపగనే అవి దానిని పసిగట్టి, ఆ తావుననున్న కణములను చంపివేయును. కుంకుమ తెగులు జీవించియున్న కణములయందే బ్రదుకునదగుటచే, ఆహారము లేక అచ్చటనే నశించును. కొన్ని కణములు చనిపోవుటచే మొక్క యంతయు బ్రదుకును. అయితే తెగులును రూపము మార్చుకొనుచుండును గనుక ఒక్క జన్యువును నమ్మి యూరకుండరాదు. అందువలననే అడవి గడ్డులను భద్రపరచుట నేటికిని అవసరము.

విద్యార్థులారా! పొలము గట్టున ఎవ్వరును లెక్కచేయని గడ్డిపోచలో లోకమును బ్రదికింపగల శక్తి దాగియుండవచ్చును. సృష్టికర్త చేసినదానిలో దేనిని తృణీకరింపరాదని వవీలోవు జీవితము బోధించుచున్నది. భూమిలోపడి చచ్చిన గోధుమగింజ విస్తారముగా ఫలించునని మన ప్రభువు నేర్పెను గదా. వవీలోవు సమాధి చెంత పూలమాలలు వేయువారు అప్పుడు లేకపోయిరి. ఆయన సేకరించిన బీజములు మాత్రము నేటికిని మొలకెత్తుచునే యున్నవి.