నాలుగు దీపాల కూడలి

మాది తోటపల్లి గూడూరు. మా జిల్లా పేరులోనే పొట్టి శ్రీరాములు గారున్నారు. అందుకే భాష కోసం ఒక మనిషి ప్రాణం ఇవ్వడం అనేది మాకు చిన్నప్పటి నుంచి తెలిసిన కథ. 1952 డిసెంబర్ 15న ఆయన పోయారు, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. నేను చెప్పబోయేది ప్రాణం పోయినా ఏమీ రాని ఒక ఊరి కథ.

మినీ ప్రాజెక్ట్ కోసం భాషల జాబితా చూస్తుంటే సొరానీ కుర్దిష్ అనే పేరు కనబడింది. ఎవరు మాట్లాడతారా అని వెతుకుతూ పోతే మహాబాద్ దగ్గర ఆగాను. ఇరాన్ వాయవ్యంలో, ఉర్మియా ఉప్పు సరస్సుకి దక్షిణాన ఉన్న కుర్దుల ఊరు. ఇప్పుడు లక్షన్నర దాటింది గానీ, 1940ల్లో అక్కడి జనం ఇరవై వేల లోపే. అంటే మా మండలం కంటే చిన్నది! కుర్దులు మాత్రం కోట్లలో ఉన్నారు. టర్కీ, ఇరాన్, ఇరాక్, సిరియా నాలుగూ పంచుకున్నాయి వాళ్ళని.

ఆ ఊళ్ళో తరతరాలుగా న్యాయం చెప్పే కుటుంబం ఒకటుండేది. ఆ ఇంటి పెద్ద ఖాజీ మొహమ్మద్. తగాదాలొస్తే జనం ఆయన దగ్గరికే వెళ్ళేవాళ్ళు. 1941లో రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో ఇరాన్ ఉత్తరాన్ని సోవియట్ సైన్యం, దక్షిణాన్ని బ్రిటిష్ సైన్యం ఆక్రమించాయి. మహాబాద్ ఈ రెంటి నడుమ మిగిలిపోయింది. ఊరిని చూసుకునే పని ఖాజీ గారి మీద పడింది. 1942లో కొందరు యువకులు రహస్యంగా ఒక సంఘం పెట్టుకుంటే, తర్వాత ఆయన అందులో చేరి నాయకుడయ్యారు.

1946 జనవరి 22న, నాలుగు దీపాలు అనే పేరున్న కూడలిలో, ఆయన కుర్దిస్తాన్ రిపబ్లిక్‌ని ప్రకటించారు. ఫొటో చూస్తే భలే ఉంటుంది: ఒంటి మీద సోవియట్ తరహా మిలిటరీ యూనిఫామ్, తల మీద మతపెద్ద తలపాగా. పాత లోకం, కొత్త లోకం రెండూ ఒకే మనిషి మీద.

నాకు నచ్చింది ఆ తర్వాత వాళ్ళు చేసిన పనులు. బడిలో కుర్దిష్ చెప్పడం మొదలైంది. సోవియట్‌లు ఇచ్చిన ప్రెస్‌లో కుర్దిస్తాన్ అనే పేపర్ అచ్చయింది. హజార్, హేమిన్ అనే ఇద్దరు కుర్రాళ్ళని జాతీయ కవులుగా గౌరవించారు. ఖాజీ గారి భార్య మీనా ఆడవాళ్ళ సంఘాన్ని నడిపారు. ఇంగ్లీష్ మీడియంలో చదివి, తెలుగు పేపర్ ఇప్పటికీ కూడబలుక్కుంటూ చదివే నాలాంటోడికి, ఒక చిన్న ఊరు ముందుగా పాఠ్యపుస్తకాల మీద కూర్చోవడం చూస్తే ఏదోలా అనిపించింది.

ఇదంతా పదకొండు నెలలే. ఆయిల్ ఒప్పందం మాట తీసుకుని సోవియట్ సైన్యం 1946 మేలో వెళ్ళిపోయింది. అండ పోయింది. కొన్ని తెగల పెద్దలు టెహ్రాన్ వైపు జరిగారు. డిసెంబర్‌లో ఇరాన్ సైన్యం వచ్చింది. ఇరాక్ నుంచి వచ్చి ఆయనకి తోడున్న ముస్తఫా బర్జానీ, తనతో వచ్చేయమని అడిగారు. ఖాజీ గారు వెళ్ళలేదు. తను పారిపోతే సైన్యం కోపం ఊరి మీద పడుతుందని ఆయన లెక్క. కాల్పులు లేకుండానే ఊరిని అప్పగించారు. ఈ నిర్ణయం తప్పనేవాళ్ళూ ఉన్నారు. నేనైతే అనలేను. ఊరు మిగిలింది.

ప్రెస్ మూసేశారు. కుర్దిష్ చదువు ఆపేశారు, పుస్తకాలు తగలబెట్టారు. 1947 మార్చి 31 తెల్లవారుజామున, రిపబ్లిక్ ప్రకటించిన ఆ కూడలిలోనే ఖాజీ మొహమ్మద్‌ని, తమ్ముడు సద్ర్‌ని, బంధువు సైఫ్‌ని ఉరి తీశారు.

సోవియట్‌లు ఏ ఆయిల్ కోసం వెళ్ళిపోయారో, ఆ ఒప్పందాన్ని అదే ఏడాది అక్టోబర్‌లో ఇరాన్ పార్లమెంట్ కొట్టేసింది. బర్జానీ కొండలు దాటి సోవియట్ యూనియన్ చేరారు. రిపబ్లిక్ ఉన్నప్పుడు మహాబాద్‌లో ఆయనకి ఒక కొడుకు పుట్టాడు, మసూద్. 2005లో ఇరాక్ కుర్దిస్తాన్‌కి అధ్యక్షుడైంది ఆ పిల్లాడే.