పొగరు అనే మాట, భానుమతి అనే మనిషి

సినిమాల్లో నాటకాల నటి అనగానే ఒక టెంప్లేట్ ఉంటుంది. స్టేజి మీద అద్భుతం. స్టేజి దిగితే కోపం, పంతం. హాలీవుడ్‌లో 1950లో 'ఆల్ అబౌట్ ఈవ్'లో బెట్టీ డేవిస్ వేసింది అలాంటి నటి పాత్రే. అంతకు ఐదేళ్ల ముందే మన తెలుగులో 'స్వర్గసీమ' వచ్చిందని మీలో ఎంతమందికి తెలుసు?

దర్శకుడు బి.ఎన్.రెడ్డి. కథలో సుబ్బి వీధుల్లో ఆడి పాడుకునే పిల్ల. మూర్తి (నాగయ్య) ఆమెని నాటకాల్లోకి తెస్తాడు. సుబ్బి కాస్తా సుజాతాదేవి అవుతుంది, మూర్తి భార్యాపిల్లల్ని మర్చిపోతాడు. తప్పు చేసింది మూర్తి అయినా, చూసేవాళ్ల కోపమంతా సుజాత మీదికే పోతుంది. ఆ సుజాత భానుమతి గారు. సినిమా వచ్చేసరికి ఆవిడకి 19 ఏళ్లు, అంటే నా వయసే. నేనేమో ఇంకా డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో పాయింటర్లతో కుస్తీ పడుతున్నా.

ఆవిడ 1925 సెప్టెంబర్ 7న ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టారు. నాన్న బొమ్మరాజు వెంకటసుబ్బయ్య గారికి సంగీతం ప్రాణం, కూతురికీ నేర్పించారు. 1939లో 'వరవిక్రయం'తో సినిమాల్లోకి వచ్చారు. 'కృష్ణప్రేమ' తీస్తున్నప్పుడు అసిస్టెంట్ డైరెక్టర్ రామకృష్ణారావు గారిని ఇష్టపడి, 1943లో పెళ్లి చేసుకున్నారు. ఇక సినిమాలు చాలనుకున్న టైంలో 'స్వర్గసీమ' మళ్లీ లాక్కొచ్చింది. అందులో ఆవిడ పాడిన పావురం పాట ఇప్పటికీ బతికే ఉంది.

తర్వాత భార్యాభర్తలు భరణి పిక్చర్స్ పెట్టారు. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీల్లో ఆవిడే డైరెక్ట్ చేశారు, అందులో డబుల్ రోల్ కూడా వేశారు. మా ఉప్పల్ వైపు వాళ్లకి స్టూడియో అంటే నాచారంలో ఎన్టీఆర్ కట్టించిన రామకృష్ణ స్టూడియోనే. 'మల్లీశ్వరి'లో ఆయన భానుమతి గారి పక్కన హీరో. నాచారం స్టూడియో కంటే చాలా ముందే మద్రాసులో భరణి స్టూడియో లేచింది. స్టూడియో కట్టిన మగాణ్ణి విజన్ ఉన్నవాడంటాం. భానుమతి గారి పేరెత్తితే ముందు వినపడేది మాత్రం పొగరు.

ఆ పేరుకి అందరూ చెప్పే సాక్ష్యం 'మిస్సమ్మ'. మొదట మేరీ పాత్ర ఆవిడదే. కొంత షూటింగ్ కూడా అయింది. సెట్‌కి లేటుగా వచ్చారన్న గొడవలో నిర్మాత చక్రపాణి గారు క్షమాపణ అడిగారు. ఆవిడ చెప్పనన్నారు, సినిమా వదిలేశారు. మేరీ సావిత్రి గారి చేతికొచ్చింది, 1955లో 'మిస్సమ్మ' చరిత్ర అయింది. తమాషా ఏంటంటే, పదేళ్ల కిందట 'స్వర్గసీమ'కి మాటలు రాసింది ఈ చక్రపాణి గారే.

ఇందులో ఎవరిది రైటో నేను తేల్చను. పదిమంది ఎదురుచూస్తుంటే లేటవడం చిన్న విషయం కాదు. కానీ తలొంచనన్నందుకు అంత పెద్ద సినిమా చేజారింది. ఊరికే పొగరున్నవాళ్లు ఇంత ఖరీదు కట్టరు.

నాకు ఇదంతా పాత సంగతిలా అనిపించదు. మొన్న ఫెస్ట్ నాటకం రిహార్సల్స్‌లో, రాత్రి లేటైతే ఉప్పల్ రింగ్ రోడ్డులో నాచారం బస్సు కోసం ఒంటరిగా నిలబడాలి, నా సీన్ ముందు పెట్టండి అని అడిగా. గ్రూప్‌లో వెంటనే హీరోయిన్ గారు అంటూ స్టిక్కర్లు. అదే రోజు ఇంటర్న్‌షిప్ కాల్ ఉందని ఒకబ్బాయి ముందే వెళ్లిపోతే, పాపం బిజీ అన్నారు. సీన్ ముందుకి జరగలేదు. నేను మాత్రం మర్నాడు కూడా అదే మాట అడిగా.

భానుమతి గారు ఆ పేరు మోస్తూనే ఎన్నో పనులు చేశారు. 'అత్తగారి కథలు' చదవండి, గయ్యాళి అత్త ఫార్ములాని పక్కన పెట్టి, అమాయకపు పంతాల అత్తగారితో ఎంత నవ్విస్తారో. మద్రాసులో ప్రభుత్వ సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. 1966లో పద్మశ్రీ వచ్చింది, తర్వాత పద్మభూషణ్. 2005 డిసెంబర్ 24న చెన్నైలో వెళ్లిపోయారు.

వీలుంటే ఈ వీకెండ్ 'స్వర్గసీమ' చూడండి. సుజాత మీద కోపం వస్తే రానివ్వండి. అయితే మూర్తికి కూడా అందులో వాటా ఇవ్వడం మర్చిపోకండి.