యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. రాజమహేంద్రవరంలో చదువు సాగినా, మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో మద్రాసులో గాని పూర్తికాలేదు. సోదరులిద్దరు స్ప్రూ అనే గ్రహణి వ్యాధితో కొద్దిరోజుల తేడాతో మరణించారు. అదే వ్యాధి ఆయననూ పట్టింది. ఆచంట లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేద ఔషధంతో కోలుకున్నారు. అనంతరం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించారు.

1923లో అమెరికా వెళ్ళి హార్వర్డ్‌లో పరిశోధించారు. 1940లో లెడర్లే సంస్థలో చేరారు. ఆకుకూరలలోను, కాలేయంలోను అత్యల్పంగా లభించే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం 1945 నాటికి ప్రయోగశాలలోనే తయారుచేసింది. కణాలు విభజన చెంది వృద్ధిపొందడానికి ఈ పదార్థం అత్యవసరం. దానితో స్ప్రూ రోగులు కోలుకొన్నారు. సోదరుల విషయంలో మాత్రం అది రెండు దశాబ్దాలకు పైగా ఆలస్యమైన ఔషధం!

అంతకంటె విశేషం మరొకటి ఉన్నది. ఆ అణువునే కొద్దిగా మార్చగా, వృద్ధికి తోడ్పడవలసినది వృద్ధిని నిరోధించింది. అదే అమినోప్టెరిన్. 1947 చివరలో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దానిని రక్తకేన్సరు సోకిన పిల్లలకు ఇవ్వగా, కొందరికి తాత్కాలికంగానైనా వ్యాధి ఉపశమించింది. అంతవరకు ఆ వ్యాధికి మందే లేదు.

భార్య శేషగిరిని విడిచి వెళ్ళిన సుబ్బారావు, మరల స్వదేశాన్ని చూడకుండానే 1948 ఆగస్టులో అమెరికాలో కన్నుమూశారు.