కొరియా దేశములో గేల్ దొరగారు

కెనడా దేశమునందు ఒంటారియో రాష్ట్రములోని ఆల్మా అను గ్రామమున 1863వ సంవత్సరము ఫిబ్రవరి 19వ తేదీని జేమ్స్ స్కార్త్ గేల్ జన్మించెను. టొరంటో విశ్వవిద్యాలయమున పట్టము పొంది, అచటి క్రైస్తవ యువజన సంఘమువారు పంపగా 1888 డిసెంబరులో కొరియా దేశమున దిగెను. అప్పటికి ఆయన వయస్సు 25 ఏండ్లు. కొరియావారు అమెరికావారితో సంధి చేసికొనినది 1882లోనే గనుక, తెల్లవాడు ఆ దేశమున ఇంకను వింత వస్తువే.

గేల్‌గారు సియోలు పట్టణమున తోడి దొరల నడుమ సుఖముగ నుండవచ్చును. అట్లుండిన భాష రాదని తలచి, 1889లో హ్వాంగ్‌హే రాష్ట్రములోని పల్లెలకు పోయి కొరియావారి ఇండ్లలోనే కాపురముండెను. కష్టములన్నియు అక్కడనే ఆరంభమైనవి.

మొదటి కష్టము భాష. ఫ్రెంచి పాదరీలు 1880లో యొకోహామాలో అచ్చు వేయించిన నిఘంటువు కలదు గాని, ఇంగ్లీషువానికి తగిన నిఘంటువు లేదు. కొరియా భాషలో క్రియ వాక్యము చివర వచ్చును. ఆ క్రియకు తుదిని చేరు ప్రత్యయమునుబట్టి, మాటాడువాడు ఎదుటివానిని తనకంటె పెద్దగా నెంచెనో, సమానునిగా నెంచెనో, చిన్నగా నెంచెనో తెలియును. పనివానితో అనవలసినది వృద్ధ పండితునితో అనినచో అవమానము. పండితునితో అనవలసినది పనివానితో అనినచో నవ్వులపాలు. అన్నను పిలువవలెనన్నను, పిలుచువాడు మగవాడైన ఒక మాట, ఆడుది అయిన వేరొక మాట. అంకెలు రెండు వరుసలు: ఒకటి దేశ్యము, రెండవది చీనా భాషనుండి వచ్చినది. ఏది ఎక్కడ వాడవలెనో అలవాటువలననే రావలెను.

ఇక్కడ మనము కొంచెము నవ్వుకొనవచ్చును. రా అనుటకును రండి అనుటకును గల భేదము మన పిల్లలకు పాలతోనే వచ్చును. నారు, వడ్లు, బియ్యము, అన్నము అని మనకు నాలుగు మాటలున్నట్లే కొరియావారికిని నాలుగు మాటలున్నవి. ఇంగ్లీషువానికి అన్నిటికిని ఒక్కటే మాట. హోమర్ హల్బర్టు అను అమెరికా ఉపాధ్యాయుడు ఈ పోలికలను చూచి, కొరియా భాషకును మన ద్రావిడ భాషలకును చుట్టరికమున్నదని ఒక గ్రంథమే వ్రాసెను. పండితులు దాని నంగీకరింపలేదు. అయినను గేల్‌గారికి బదులు మన గుంటూరు కుఱ్ఱవాడొకడు ఆ పల్లెకు పోయియుండిన, ఆయన పడినంత అవస్థ పడియుండడని మా నమ్మకము.

రెండవ కష్టము ఇల్లు. కొరియావారి యింట వంటపొయ్యి మంట నేలక్రింది గొట్టముల గుండ పోయి గది నేలను కాచును. దానిని ఓండోల్ అందురు. నూనె కాగితము పరచిన ఆ నేలమీదనే కూర్చుండవలెను, పండుకొనవలెను. శీతకాలమున అది దేశస్థులకు స్వర్గమే గాని, మంచముమీద పండుకొను అలవాటు గలవారికి పెనముమీద పడినట్లుండెడిది. కుర్చీ యెరుగని ఇండ్లలో గంటలకొలది కాళ్లు మడచి కూర్చుండుట మరియొక శిక్ష. తలుపులకు కాగితమే గనుక, దొరను చూడవచ్చిన జనులు వ్రేలితో చిల్లులు పొడిచి చూచుచుండిరని ఆ కాలపు యాత్రికులు వ్రాసిరి.

ప్రయాణమైనచో చెప్పనక్కరలేదు. నాణెములు నడుమ చిల్లి గల చిన్న కాసులు. వాటిని త్రాటికి గ్రుచ్చి మోయుటకే ఒక గుఱ్ఱము కావలసియుండెను. ఆ పొట్టి గుఱ్ఱములకు ఉడికించిన చిక్కుళ్లు, గడ్డి వేడివేడిగా పెట్టవలెను. ఆ గుఱ్ఱముల పొగరునుగూర్చి గేల్‌గారు ఒక ప్రకరణమే వ్రాసిరి. అది 1898లో వెలువడిన కొరియన్ స్కెచెస్ అను గ్రంథమున నున్నది. అందులో కూలివాడు, పెద్దమనిషి, బాలుడు అందరును కనబడుదురు. పని ముట్టని పెద్దమనిషినిగూర్చి ఆయన చేసిన పరిహాసము కొన్నిచోట్ల మితిమీరినదని మాకు తోచుచున్నది. అతిథిని ఆదరించిన యింటిని వెక్కిరించుట తగదు. అయితే ఆ విసుగు ఆయనను అక్కడ నిలువనీయక వెడలగొట్టలేదు, అదియే విశేషము.

యీ చాంగ్‌జిక్ అను కొరియా మిత్రుడు ఆయనకు గురువై, తరువాత అనేక సంవత్సరములు అనువాదములలో తోడ్పడెను. గేల్‌గారు 1892లో డాక్టరు హెరన్‌గారి విధవ హారియెట్ అమ్మగారిని వివాహమాడి, తూర్పు తీరమునగల వోన్సాన్ రేవునకు పోయిరి. తమ్ము ఏడిపించిన క్రియా ప్రత్యయములను ఏర్చి కూర్చి 1894లో వ్యాకరణ పుస్తకముగా ప్రకటించిరి. 1897లో యొకోహామానుండి వారి కొరియా–ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. తనకు దొరకని పుస్తకమును తన వెనుక వచ్చువారికి తానే సిద్ధపరచెనన్నమాట.

ఈ నడుమ, 1895లో, మన యిండ్లలో యాత్రికుని ప్రయాణమను పేర చదువుకొను బన్యనుగారి గ్రంథము కొరియా భాషలో ప్రకటింపబడెను. కిమ్ జూన్‌గున్ అను దేశీయ చిత్రకారుడు బొమ్మలు వ్రాసెను. వాటిలో యాత్రికుడు కొరియా టోపి పెట్టుకొని నడచును. దేవదూతలు ఆ దేశపు దివ్యకన్యలవలె నుందురు.

తరువాత సియోలులో యోన్‌డాంగ్ సంఘమునకు కాపరియై, బైబిలు అనువాద సభలో పనిచేసిరి. అక్కడ మరల భాషయే తగవు తెచ్చెను. మూలమును మాటకు మాటగా అనుసరింపవలెనని కొందరు, కొరియావాని చెవికి కొరియా మాటగా వినబడవలెనని గేల్‌గారు. తుదకు వారు 1925లో తమ అనువాదమును వేరుగనే ప్రకటించిరి. మా మట్టునకు మేము గేల్‌గారి పక్షమే. ఈ తగవు మన భాషలోను ఎరిగినదే.

పండితులు మోజుపడు చీనా లిపిని నేర్చుటకు ఆయన ఎన్నియో యేండ్లు శ్రమపడెను. ఇంతలో 1894లో ప్రభుత్వ పరీక్షలు రద్దయినవి. 1910లో జపానువారు దేశమును ఆక్రమించిరి. యువకులు ఆ పాత విద్యను విడిచిపెట్టిరి. ఒకప్పుడు తన్ను విసిగించిన ఆ సాహిత్యమునకై, దేశస్థులకంటె ఎక్కువగా ఈ పరదేశి దుఃఖించెను. కిమ్ మాన్‌జుంగ్ రచించిన తొమ్మిదిమంది మేఘస్వప్నమను కథను ఇంగ్లీషుచేసి 1922లో లండనులో అచ్చువేయించెను.

1927లో కొరియాను విడిచి ఇంగ్లండులోని బాత్ పట్టణమున స్థిరపడిరి. పెంచి దిద్దిన నిఘంటువు 1931లో సియోలున వెలువడునప్పటికి వారక్కడ లేరు. 1937 జనవరి 31వ తేదీని బాత్‌లో మరణించిరి. 1908లో మరణించిన హారియెట్ అమ్మగారి సమాధి సియోలులో, యాంగ్వాజిన్ శ్మశానమున ఉన్నది.