ఫలము చూడని సేవకుడు – శామ్యేల్ డే దొరగారు

శతాబ్ది పండుగ వచ్చినప్పుడు ఎన్ని సంఘములు కట్టబడినవి, ఎందరు బాప్తిస్మము పొందినారు అని లెక్కించుకొని దేవునికి స్తోత్రము చెల్లించుట మనకు పరిపాటి. అయితే ఫలమును కన్నులార చూడకుండానే విత్తి వెళ్ళినవారిని కూడ జ్ఞాపకము చేసుకొనుట మన విధి అని మేము తలుస్తున్నాము. అట్టివారిలో మన శ్రీకాకుళంలో కొంతకాలము నివసించిన కెనడా దేశస్థుడు శామ్యేల్ స్టెర్న్స్ డే దొరగారు ఒకరు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతపు బాప్తిస్టు సోదరులు ఆయన పేరును బాగుగా ఎరుగుదురు. మన జిల్లాతో ఆయనకు గల సంబంధము మాత్రము మనలో అనేకులకు తెలియదు.

డే గారు 1808లో ఎగువ కెనడాలో, అనగా నేటి ఆంటారియో రాష్ట్రములో జన్మించారు. న్యూయార్కు రాష్ట్రములోని హామిల్టన్ వేదాంత పాఠశాలలో చదివారు. ఆ రోజులలో ఒరిస్సాలో సేవ చేయుచున్న ఇంగ్లీషు మిషనెరీ ఆమోస్ సట్టన్ గారు అమెరికాకు వెళ్ళి, తెలుగువారి మధ్యకు సేవకులను పంపుడని అక్కడి బాప్తిస్టులను వేడుకున్నారు. ఆ పిలుపునకు డే గారు లోబడ్డారు. 1835 సెప్టెంబరులో ఆయన, ఆయన భార్య రోయెన్నా అమ్మగారు బోస్టను రేవులో ఓడ ఎక్కి, 1836 ఫిబ్రవరిలో కలకత్తాకు, మార్చిలో విశాఖపట్నమునకు చేరారు.

విశాఖలో లండన్ మిషను వారు 1805 నుండి పని చేయుచున్నారు. డే దంపతులు అక్కడ తెలుగు నేర్చుకొనుట ఆరంభించి, తరువాత శ్రీకాకుళం వచ్చి కొన్ని నెలలు ఉండి, ఒక పాఠశాల నడిపించారు. అప్పటికి శ్రీకాకుళం గంజాం జిల్లాలోనిది. దొరలు దానిని చికాకోల్ అనేవారు. భాష పూర్తిగా రాని కాలమది. లెక్కకు చూపదగిన ఫలమేదియు లేకుండానే 1837లో వారు మద్రాసు వెళ్ళారు.

మద్రాసులో మూడేండ్లు గడిపిన పిమ్మట, తెలుగువారి నడుమనే ఉండవలెనని 1840లో నెల్లూరు చేరారు. ఆ సంవత్సరము సెప్టెంబరులో పెన్నా నదిలో మొదటి తెలుగు విశ్వాసికి బాప్తిస్మమిచ్చారు. 1844లో అక్కడ సంఘము ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది మాత్రమే. వారిలోనూ తెలుగువారు బహు కొద్దిమంది.

ఇంతలో ఆరోగ్యము చెడి డే గారు అమెరికాకు తిరిగి వెళ్ళవలసి వచ్చింది. ఇంత సొమ్ము, ఇన్నేండ్ల శ్రమ ఖర్చు చేసినా ఫలము లేని ఈ మిషనును మూసివేయుదమా అని అక్కడి పెద్దలు 1848లో ఆలోచించారు. డే గారు తెలుగువారి పక్షమున బ్రతిమాలి వారి మనస్సు మార్చారు. భార్యాపిల్లలను స్వదేశములోనే విడిచి, 1849లో లైమన్ జ్యూయెట్ గారితో కలిసి మరల నెల్లూరు వచ్చారు. నాలుగేండ్లకే శరీరము మరల సహకరించలేదు. 1853లో ఆయన తెలుగు దేశమును శాశ్వతముగా విడిచారు. ఆ ఏడే మూసివేత మాట మరల లేచింది. పటములో ఈ వైపున ఒక్క నెల్లూరే గుర్తింపబడి ఉండుట చేత దీనికి ఒంటరి నక్షత్రమను పేరు నిలిచింది గాని, మిషను మాత్రము ఆరిపోలేదు.

డే గారు 1871లో కన్నుమూశారు. ఆ తరువాత ఏడేండ్లకు, 1876–78 కరవు కాలములో బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో ఆకలిగొన్నవారికి పని కల్పించిన క్లౌ దొరగారి కాలములో, 1878 జూలై 3న ఒక్క దినమున ఒంగోలు దాపున గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ వార్త వినుటకు డే గారు లేరు.

మన ప్రాంతమును కూడ దేవుడు మరువలేదు. 1874లో కెనడా బాప్తిస్టులు కాకినాడలో పని ఆరంభించారు. కెనడా తూర్పు తీరపు సంఘముల వారు 1875లో సయాము విడిచి ఇటు వచ్చి, క్రమముగా భీమునిపట్నం, బొబ్బిలి, శ్రీకాకుళం, విజయనగరంలలో నిలిచారు. ఒక కెనడా వాసి వట్టి చేతులతో విడిచి వెళ్ళిన ఊరికి, సుమారు నలుబది ఏండ్లకు ఆయన దేశస్థులే తిరిగి వచ్చారన్నమాట!

ప్రియ సంఘస్థులారా, నేటికిని మన పల్లెలలో పది కుటుంబములైనా లేని ప్రార్థన మందిరములు ఉన్నవి. పైకప్పు వేయించుటకు, బోధకుని జీతమిచ్చుటకు చందా చాలడము లేదని, అట్టివాటిని ఎత్తివేయుదమని మన కమిటీలలో మాట వచ్చుట సహజమే. ఆ మాట వచ్చిన దినమున నెల్లూరులోని ఎనిమిది మందిని తలంచుకొనుట మంచిది. నాడు లెక్కల పుస్తకము చూచి తీర్మానించి యుంటే గుండ్లకమ్మ ఒడ్డున ఆ దినము వచ్చి యుండేది కాదు. ఈ శతాబ్ది కానుకలలో కొంత భాగము అట్టి చిన్న సంఘముల కొరకు ప్రత్యేకించినట్లయితే, ఫలము చూడకుండా వెళ్ళిన ఆ సేవకునికి మనము చూపగల కృతజ్ఞత అదియే అని మా మనవి.