బైండింగ్ కుర్రవాడు మైకేల్ ఫారడే

మైకేల్ ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ శివార్లలో ఒక కమ్మరి ఇంట పుట్టాడు. తండ్రి ఆరోగ్యం బాగుండక ఇల్లు గడవడమే కష్టంగా ఉండేది. చదవడం, రాయడం, కాస్త లెక్కలు: బడిలో ఆయనకు దక్కిన చదువు అంతే.

పదమూడో ఏట రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర పనికి కుదిరాడు. 1805 నుంచి ఏడేళ్ళు బైండింగ్ నేర్చుకున్నాడు. బైండింగ్‌కు వచ్చిన పుస్తకాలనే ఖాళీ సమయంలో చదివేవాడు. 1812లో షాపుకు వచ్చే ఒక పెద్దమనిషి టికెట్లు ఇస్తే, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు నాలుగు విన్నాడు. విన్నదంతా నోట్సు రాసి, బొమ్మలు వేసి, తానే బైండు చేసి డేవీకి పంపాడు. 1813 మార్చిలో అక్కడే ప్రయోగశాల సహాయకుడిగా ఉద్యోగం వచ్చింది.

ఉద్యోగం వచ్చినంత తొందరగా గౌరవం రాలేదు. ఆ ఏడాదే డేవీ దంపతులతో ఐరోపా యాత్రకు వెళ్తే, డేవీ భార్య ఆయన్ను నౌకరుగానే చూసింది. అవమానాలు భరిస్తూనే అక్కడి శాస్త్రవేత్తల దగ్గర నేర్చుకోవలసింది నేర్చుకుని 1815లో తిరిగి వచ్చాడు.

1831 ఆగస్టు 29న ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నాడు. అయస్కాంత క్షేత్రం మారితే దగ్గరున్న తీగచుట్టలో కరెంటు పుడుతుంది. తిరిగే రాగి పళ్ళెం పైనున్న అయస్కాంత సూదిని తన వెంట ఎందుకు తిప్పుతుందో అంతవరకు ఎవరికీ అంతుపట్టలేదు. పళ్ళెంలోనే కరెంటు పుడుతోందని ఫారడే తేల్చాడు. పెద్ద గణితం రాని ఆయన బలరేఖలను ఊహించుకుని ఆలోచించాడు. తర్వాత మాక్స్‌వెల్ ఆ ఊహలకే సమీకరణాలు కట్టాడు.

లోహం లోపల నీటి సుడుల్లా తిరిగే ఈ ప్రవాహాలే ఎడ్డీ కరెంట్లు. విమానం పైరేకులు ఒకదానిపై ఒకటి అతికిన చోట, మధ్యలో చెమ్మ చేరి తుప్పు పడితే కంటికి కనబడదు. రేకు విప్పకుండానే, ఏ.సి. కరెంటు పారే చిన్న తీగచుట్టను పైన ఆనించి జరుపుతారు. తుప్పు తిని లోహం పలచబడిన చోట సుడులు మారతాయి, మీటరు ఆ తేడా చూపిస్తుంది. ఫ్రీక్వెన్సీ తగ్గిస్తే సుడులు ఇంకా లోతుకు, కింది రేకు దాకా వెళ్తాయి. మన దమ్మాయిగూడకు దగ్గర్లోనే, ఈసీఐఎల్ పక్కనున్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో లోహపు గొట్టాల లోపాలు పట్టడానికి కూడా ఈ పద్ధతి వాడతారు.

ఫారడే సర్ బిరుదు వద్దన్నాడు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవీ వద్దన్నాడు. పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు మాత్రం ఏళ్ళ తరబడి ఇచ్చాడు. 1867 ఆగస్టు 25న కన్నుమూశాడు.

లెక్కలు రావని, ఇంగ్లీషు రాదని సైన్సు గ్రూపు వదిలేద్దామనుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మన హాస్టళ్ళలో ఏటా ఉంటారు. వాళ్ళకు ఫారడే పట్టుదల గురించి చెబితే సరిపోదు. ఆయనకు టికెట్లు ఇచ్చిన వాళ్ళొకరున్నారు, ఆ నోట్సు తెరిచి చూసిన వాళ్ళొకరున్నారు. చదువు ముగించి వెళ్ళిన మనం మన పుస్తకాలు, ఎంట్రన్స్ నోట్సు హాస్టల్ లైబ్రరీకి ఇద్దాం. నెలకో ఆదివారం వచ్చి లెక్కలు చెబుదాం. ఆ టికెట్లు ఇవ్వాల్సిన వంతు ఇప్పుడు మనది.