లోహియా చివరి పన్నెండు రోజులు

ఢిల్లీ నడిబొడ్డున ఉన్న రామ్ మనోహర్ లోహియా ఆస్పత్రికి ఆ పేరు అక్కడ పనిచేసిన వైద్యుడి వల్ల రాలేదు. అక్కడ ఆపరేషన్ చేయించుకుని ప్రాణాలతో ఇంటికి తిరిగి వెళ్లని రోగి పేరు అది.

1910 మార్చి 23న నేటి ఉత్తరప్రదేశ్‌లోని అక్బర్‌పూర్‌లో పుట్టిన లోహియా బెర్లిన్‌లో డాక్టరేట్ చేశారు. క్విట్ ఇండియా ఉద్యమంలో అజ్ఞాతంలోకి వెళ్లి, రహస్య కాంగ్రెస్ రేడియోకు అండగా నిలిచారు. 1944లో పట్టుబడి లాహోర్ కోటలో చిత్రహింసలు అనుభవించారు. 1946లో గోవాలో పోర్చుగీసు ఆంక్షలను ధిక్కరించారు. హైదరాబాద్‌తో ఆయనది గట్టి బంధం. తన సోషలిస్టు పార్టీని స్థాపించిందీ, మ్యాన్‌కైండ్ పత్రికను నడిపిందీ ఇక్కడి నుంచే. 1963లో లోక్‌సభలో అడుగుపెట్టి, దేశంలో 27 కోట్ల మంది రోజుకు మూడణాలతో బతుకుతున్నారంటూ నెహ్రూ ప్రభుత్వాన్ని నిలదీశారు. 1967లో పలు రాష్ట్రాల్లో కాంగ్రెస్ గద్దె దిగడం వెనుక ఆయన కాంగ్రెసేతర వ్యూహం ఉంది.

ఆ విజయం తర్వాత ఆయన కొన్ని నెలలే బతికారు. అదే ఏడాది సెప్టెంబర్ 30న అప్పటి విల్లింగ్డన్ ఆస్పత్రిలో ప్రోస్టేట్ ఆపరేషన్ జరిగింది. తర్వాత ఇన్‌ఫెక్షన్ సోకి పరిస్థితి విషమించింది. అక్టోబర్ 12న 57 ఏళ్ల వయసులో కన్నుమూశారు. వైద్యంలో నిర్లక్ష్యం జరిగిందని అనుచరులు ఆరోపించారు.

మూత్రనాళం, ప్రోస్టేట్ ఆపరేషన్లలో ఒక ముప్పు ఎప్పుడూ పొంచి ఉంటుంది. మూత్రంలోని బ్యాక్టీరియా రక్తంలోకి చేరవచ్చు. దాన్ని ఎదుర్కొనే రోగనిరోధక వ్యవస్థ ఒక్కోసారి అదుపు తప్పి సొంత శరీరాన్నే దెబ్బతీస్తుంది. రక్తనాళాల గోడల నుంచి ద్రవం బయటికి కారుతుంది, చిన్న నాళాల్లో గడ్డలు కడతాయి, రక్తపోటు పడిపోతుంది, కిడ్నీలు, ఊపిరితిత్తులు మొరాయిస్తాయి. దీన్నే సెప్సిస్ అంటారు. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాను చంపినా, అప్పటికే మొదలైన ఈ విధ్వంసం వెంటనే ఆగదు. 1967 నాటికి యాంటీబయాటిక్స్ వచ్చాయి కానీ, ఇలాంటి రోగిని గంట గంటకూ కనిపెట్టుకుని ఉండే ఐసీయూలు మన దేశంలో ఇంకా శైశవ దశలోనే ఉన్నాయి.

ఇప్పుడు ఐసీయూలున్నాయి. అయినా ఆపరేషన్ తర్వాత చలిజ్వరం, ఆయాసం, మగత, మూత్రం తగ్గిపోవడం కనిపిస్తే ప్రతి గంటా విలువైనదే. సొంత ఇల్లు, బ్యాంకు ఖాతా లేకుండా వెళ్లిపోయిన లోహియా పేరున్న ఆ ప్రభుత్వ ఆస్పత్రికి నేటికీ వచ్చేవారిలో ఎక్కువ మంది, ఆయన లోక్‌సభలో ఎవరి ఆదాయం లెక్కగట్టారో ఆ పేదలే.